ఏడాదిన్నరగా లద్దె ఎత్తుతున్నాను: నాకు నేర్పుతున్నారా, వాడుకుంటున్నారా?

ప్రశ్న: సార్, నా వయసు 24. బీకాం అయ్యాక హైదరాబాద్ శివార్లలో ఒక రైడింగ్ స్కూల్లో చేరి ఏడాదిన్నర అయింది. హార్స్ ట్రైనర్ కావాలని నా కోరిక. ఇక్కడ పద్నాలుగు గుర్రాలున్నాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే లద్దె ఎత్తడం, గడ్డి పరచడం, మాలిష్, నీళ్లు, దాణా. ఈమధ్య గుర్రాల్ని నడిపించమంటున్నారు, డాక్టర్ వస్తే పట్టుకుని నిలబడమంటున్నారు. జీను మీద కూర్చున్నది లెక్కపెడితే పదిసార్లు కూడా ఉండదు. అదీ హెల్మెట్ లేకుండానే, హెల్మెట్లు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకే ఉన్నాయి. మా సార్ కొత్త గుర్రాన్ని మచ్చిక చేసేటప్పుడు నన్ను దూరంగా నిలబడి చూడమంటారు. ఎందుకలా చేశారని అడిగితే ‘చూస్తూ ఉండు, తెలుస్తుంది’ అంటారు. జీతం పదకొండు వేలు, రెండు నెలలకోసారి ఇస్తారు. ఇంకోచోట లక్షన్నరకు మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉందట. యూట్యూబ్‌లో విదేశీ ట్రైనర్ల వీడియోలు చాలా చూశాను. అమ్మ ‘పేడ ఎత్తడానికా బీకాం చదివింది’ అని ఏడుస్తోంది. నాకు నేర్పుతున్నారా, వాడుకుంటున్నారా? కోర్సులో చేరనా?

ఇంకోమాట. ఇక్కడ ఒక ఎర్ర ఆడగుర్రం ఉంది. ఎవరు కళ్లెం వేయబోయినా తల పైకెత్తేస్తుంది, నాకు మాత్రం వంచుతుంది. అదేం పెద్ద విషయం కాదనుకోండి.

– పేరు వద్దు, నల్గొండ జిల్లా

సమాధానం: నా కొడుకు వయసువాడివి, నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. ఉత్తరం మూడుసార్లు చదివాను. నేర్పుతున్నారు, వాడుకుంటున్నారు కూడా. రెండూ ఒకే చోట, ఒకే మనిషి చేతిలో జరుగుతున్నాయి. అందుకే నీకు తేలడం లేదు. విడదీసి చూద్దాం.

ముందు నా సంగతి చెప్తాను, నీకు పనికొస్తుంది. నేను పంతొమ్మిదేళ్లకు ఒక రేసుగుర్రాల లాయంలో చేరాను. ట్రైనర్ గారు పొద్దున ట్రాక్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని కనిపించేవారు, సాయంత్రం ఒక రౌండ్ కొట్టి వెళ్లిపోయేవారు. నాకు పని నేర్పింది ఆయన కాదు, మా జమేదార్, అంటే సైసుల (గుర్రాల్ని చూసుకునే పనివాళ్ల) పెద్ద. అందరూ చాచా అనేవాళ్లం. చదువు లేదు. సైస్‌గా చేరి నలభై ఏళ్లు ఆ గుర్రాల మధ్యే ఉన్న మనిషి. చేరిన రోజు నేను ఉత్సాహంగా ఒక గుర్రం మెడ నిమరబోతే ‘హాత్ నక్కో లగా, పహలే దేఖ్’ అన్నాడు. చెయ్యి తర్వాత, ముందు చూడు అని. ఆ ‘చూడు’ నాకు అర్థం కావడానికి ఒక గుర్రం ప్రాణాల మీదికి వచ్చింది.

ఎండాకాలం. నాకు అప్పగించిన రెండింటిలో ఒక చిన్న ఆడగుర్రం రాత్రి దాణా సగం వదిలేసింది. ఎండకు తినలేదులే అనుకుని, మిగిలింది పారబోసి, తొట్టి కడిగి పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. పదకొండయ్యేసరికి అది ముందుకాలితో నేల తవ్వుతోంది. మెడ తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. పడుకుని దొర్లబోతోంది. పొద్దుటినుంచి లద్దె వేయలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. కడుపునొప్పి. మనకొస్తే మనం కక్కుకుని ఊరుకుంటాం. గుర్రం కక్కలేదు, దాని శరీరం తీరే అంత. లోపలికి వెళ్లింది ముందుకే పోవాలి. మధ్యలో ఎక్కడ అడ్డుపడ్డా, పేగు మెలిపడ్డా గంటల్లో ప్రాణం పోవచ్చు. డాక్టర్ వచ్చారు, ముక్కులోంచి గొట్టం వేశారు, సాయంత్రానికి తేరుకుంది. అది దాని అదృష్టం, నా తెలివి కాదు.

చాచా తిట్టలేదు. మర్నాటినుంచి మూడు నెలలు నాకు ఒకటే పని: ఎవరూ ఏదీ ముట్టుకోకముందే ఇరవై రెండు బాక్సులూ (గుర్రాల గదులు) తిరిగి, ఏ గుర్రం ఎంత దాణా వదిలింది, నీళ్ల బకెట్ ఎంత తగ్గింది, లద్దె ఎన్నిసార్లు వేసింది, గట్టిగా ఉందా పలచగా ఉందా, రాత్రి పడుకున్నట్టు ఒంటికి గడ్డి అంటిందా లేదా, అన్నీ వచ్చి చెప్పాలి. కాగితం మీద రాసుకోకూడదు, నోటితో చెప్పాలి. రెండో నెలకు గుర్రాల్ని చూడకుండా తొట్టి చూసి ఇది ఏ బాక్సో చెప్పగలిగాను. మూడో నెలలో, ఒక గుర్రం దాణా పూర్తిగా తిన్నా ‘ఇవాళ దీనికేదో తేడాగా ఉంది’ అన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను. చాచా థర్మామీటర్ పెట్టించాడు. జ్వరం.

‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం కదా. లాయంలో సగం చదువు ఆ దాణా దగ్గరే ఉంది.

అందుకే ‘లద్దె ఎత్తుతున్నాను’ అని నువ్వు బాధగా రాసిన చోట ఆగాను. పద్నాలుగు గుర్రాల లద్దె ఏడాదిన్నర ఎత్తినవాడివి. కళ్లు మూసుకుంటే అందులో ఏది రోజుకు ఎన్నిసార్లు వేస్తుందో నీకు తెలుస్తోందా? తెలిస్తే నువ్వు నేర్చుకున్నావు. తెలియకపోతే పార మాత్రమే ఎత్తావు, అందులో తప్పు మీ సార్‌ది ఒక్కరిదే కాదు.

మాలిష్ కూడా అంతే. ముందుకాళ్లు, మోకాలి కింద వెనకవైపు ఉండే నరం (డాక్టర్లు టెండన్ అంటారు, కండను ఎముకకు కలిపే పట్టీ) రోజూ రెండు చేతులతో పైనుంచి కిందికి పట్టి చూడాలి. అది తెగబోయే ముందు చాలాసార్లు గుర్రం కుంటదు. ముందుగా ఒక చోట కాస్త వెచ్చబడుతుంది, కాస్త మందంగా తగులుతుంది, అంతే. ఆ రోజు ఆపితే కొన్ని వారాల విశ్రాంతితో పోవచ్చు. కనిపెట్టలేక పరిగెత్తించి అది చిరిగిందంటే మానడానికి ఏడాది దాకా పడుతుంది, మానినా పాత బలం రాదు. ఆ కాస్త వెచ్చదనం ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు. చల్లటి కాళ్లు వందలసార్లు పట్టుకున్న చేతికే వెచ్చటి కాలు తెలుస్తుంది. మీ సార్ నీకు జీతం ఆలస్యంగా ఇస్తున్నారు, అది తప్పే, దాని దగ్గరికి వస్తాను. కానీ రోజుకు పద్నాలుగు గుర్రాల యాభై ఆరు కాళ్లు నీ చేతికిస్తున్నారు. లక్షన్నర కోర్సులో అన్ని కాళ్లు దొరుకుతాయో లేదో కనుక్కో.

ఇప్పుడు ‘దూరంగా నిలబడి చూడు’ సంగతి. ఇది నిన్ను తక్కువ చేయడం అనుకుంటున్నావు. కొత్త గుర్రాన్ని మచ్చిక చేసేటప్పుడు అసలు పని ఎక్కడ జరుగుతుందో తెలుసా? తాడు లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. తాడుతో కాస్త ఒత్తిడి పెడతాం. గుర్రం అటూ ఇటూ వెతుకుతుంది. మనకు కావలసిన వైపు ఒక్క అడుగు, కాదు, బరువు అటు వాల్చగానే ఒత్తిడి తీసేయాలి. ఆ తీసేయడమే దానికి జవాబు. సెకను ఆలస్యమైతే గుర్రం నేర్చుకునేది వేరే పాఠం: తల ఎగరేసిన క్షణంలో వదిలితే తల ఎగరేయడం నేర్చుకుంటుంది. మొండి గుర్రాలు అని మనం పేరుపెట్టిన వాటిలో ఎన్నో ఇలా తప్పు క్షణంలో వదిలిన చేతులు తయారుచేసినవే.

వీడియోలో చెయ్యి కనిపిస్తుంది, చేతిలోని బరువు కనిపించదు. నువ్వు చూసే ఆ అమెరికా ట్రైనర్లలో చాలామంది చెప్పే పద్ధతికి పెద్ద దిక్కు టామ్ డోరెన్స్. పశువుల రాంచిల్లో పనిచేసిన మనిషి. రే హంట్ అనే కౌబాయ్ హోండో అనే ఒక గుర్రంతో వేగలేక ఆయన దగ్గరికి వెళ్లాడు. హంట్ దగ్గర బక్ బ్రానమన్ నేర్చుకున్నాడు. ఆ ఇద్దరూ తమ గురువు పక్కన నిలబడి, చూసి, తప్పు చేసి, దిద్దించుకుని నేర్చుకున్నవాళ్లే. అంత దూరం ఎందుకు, మన భారతంలో నకులుడు దామగ్రంథి పేరుతో విరాటరాజు కొలువులో ఉద్యోగం అడిగినప్పుడు ఏమన్నాడు? గుర్రాల స్వభావం తెలుసు, వాటికి నేర్పడం తెలుసు, పొగరుమోతు వాటిని దారికి తేవడం తెలుసు, వైద్యం తెలుసు అన్నాడు. మొదట చెప్పింది స్వభావం. ఎక్కి దౌడు తీయించగలనని కాదు. (పందేల వ్యవహారం వాళ్ల అన్నగారి ఖాతాలో ఉంది, అది వేరే కథ.)

అయితే ‘చూస్తూ ఉండు’ అన్న మాటకూ ఒక గడువుంది. మొదటి ఆరు నెలలు అది పాఠం. ఏడాదిన్నర తర్వాత కూడా అదే జవాబైతే, నేర్పడం చేతకాకపోయి ఉండాలి, నేర్పితే వెళ్లిపోతావన్న భయమైనా ఉండాలి. పని చక్కగా చేసేవాళ్లలో చాలామంది మాటల్లో చెప్పలేరు, అదీ నిజమే. మా చాచా ‘ఎందుకు’ అంటే ఎప్పుడూ సరిగ్గా చెప్పేవాడు కాదు. కానీ ‘నువ్వు చెయ్యి’ అని నా చేతిమీద తన చెయ్యి వేసేవాడు. మీ సార్ ఎలాంటివారో తేల్చుకోవడానికి అడిగే తీరు మార్చి చూడు. గుర్రం చేతిలో ఉండగా అడక్కు. సాయంత్రం దాణా అయ్యాక, ‘నాకెప్పుడు నేర్పుతారు’ అని కాకుండా, చూసినదాన్ని పట్టుకుని అడుగు. ‘ఇవాళ నల్ల గుర్రం రెండోసారి చెవులు వెనక్కి పెట్టినప్పుడు మీరు పక్కకు జరిగారు, మొదటిసారి జరగలేదు. ఎందుకు సార్?’ అను. గుర్రాలమీద నిజంగా ప్రేమున్న మనిషి ఈ ప్రశ్న విని ఊరుకోలేడు. రోజుకు ఒక్కటి. నెల రోజులు అడిగినా ఒక్కదానికీ జవాబు రాకపోతే, అక్కడ నీకు గుర్రాలే గురువులు, మనిషి కాదు. అప్పుడు వేరే చోటు వెతుక్కో.

ఇంకో కొలత ఉంది. పని మారుతోందా? లద్దె, మాలిష్ నుంచి నడిపించడానికి, డాక్టర్ దగ్గర పట్టుకోవడానికి వచ్చానని నువ్వే రాశావు, కానీ ఫిర్యాదులో ఒక ముక్కలా రాశావు. సూది చూస్తే వెనక్కాళ్లమీద లేచే జంతువు దాదాపు ఐదువందల కిలోలు ఉంటుంది. దాన్ని ఎవడికి పడితే వాడికి అప్పగించరు. నిన్ను నమ్ముతున్నారు. తర్వాతి మెట్టు నిలబడి పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పడం, ఆ తర్వాత బాగా నేర్చిన పాత గుర్రం మీద నువ్వు కూర్చోవడం. వయసైన గుర్రం కుర్ర సవారీకి నేర్పాలి, అనుభవమున్న సవారీ కుర్రగుర్రానికి నేర్పాలి. రెండు పచ్చివాటిని కలిపితే ఎముకలే విరుగుతాయి. కొత్త గుర్రం ఎక్కనివ్వలేదని మీ సార్‌ని తప్పుపట్టను. పాత గుర్రం కూడా ఇన్నాళ్లు సరిగ్గా ఎక్కనివ్వలేదని మాత్రం పడతాను. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున, పాత గుర్రం మీద, ఎవరైనా కింద నిలబడి చూస్తుండగా. ఇది అడుగు. అడగడం నీ హక్కు.

ఇక వాడుకోవడం. జీతం రెండు నెలలకోసారి ఇవ్వడానికి గురుభక్తితో సంబంధం లేదు. నెలనెలా ఇవ్వమని అడుగు, వచ్చిన ప్రతి రూపాయీ తేదీతో రాసిపెట్టుకో. తన్ను తిన్నా, కింద పడ్డా ఆసుపత్రి ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకో, సిగ్గుపడకు. ధనుర్వాతం సూది వేయించుకున్నావా? గుర్రాల చోట గాయమంటే ఆ భయం ఉంటుంది. హెల్మెట్ విషయంలో మాత్రం బేరం లేదు. లేకపోతే ఎక్కను అని చెప్పు. పిల్లలకు ఇచ్చేది నీకు ఇవ్వని చోట నీ తల వాళ్ల లెక్కలో లేనట్టే. వాళ్లు కొనకపోతే నీ జీతంలోంచి కొనుక్కో, కోర్సు డబ్బుల ముందు అది చిన్న ఖర్చే.

కోర్సు సంగతి. కోర్సులన్నీ మోసం అనను. కూర్చునే తీరు, గుర్రం శరీరం, డ్రెసాజ్ (గుర్రంతో క్రమపద్ధతిలో అడుగులు వేయించే పోటీ) పదాలు, పోటీల నియమాలు పద్ధతిగా చెప్పే చోట్లు ఉన్నాయి. కానీ మూడు నెలల్లో ట్రైనర్ అంటే నేను నమ్మను. జర్మనీలో గుర్రాల పనివాడు కావాలంటే మూడేళ్ల అప్రెంటిస్‌షిప్, లాయంలో పనిచేస్తూనే చదువు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో డ్రెసాజ్ జట్టు మనకు 41 ఏళ్ల తర్వాత గుర్రపుస్వారీలో బంగారం తెచ్చింది, గుర్తుందా? ఆ జట్టులోని అనుష్ అగర్వల్లా కోల్‌కతా కుర్రాడు. పదిహేడేళ్లకే జర్మనీ వెళ్లి హ్యూబర్టస్ ష్మిట్ అనే ఒలింపిక్ రైడర్ దగ్గర ఉండిపోయాడు. ఫౌవాద్ మీర్జా కూడా అక్కడే సాండ్రా ఔఫార్త్ దగ్గర నేర్చుకుని టోక్యో ఒలింపిక్స్ ఫైనల్‌కు చేరాడు. వాళ్ల వెనక డబ్బు, స్పాన్సర్లు ఉన్నారు, మనకు లేరు, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు డబ్బు పెట్టి కొనుక్కున్నది కూడా చివరికి ఒక మంచి మనిషి పక్కన రోజూ నిలబడే అవకాశమే.

నీ కోర్సువాళ్లను చూడటానికి ఒకరోజు చెప్పకుండా వెళ్లు. ఆఫీసులో కూర్చోకు, లాయంలోకి పో. గుర్రాల వీపు మీద జీను రాసిన పుండ్లు, తెల్లమచ్చలు ఉన్నాయా? గిట్టలు పెరిగి పగిలి ఉన్నాయా, లాడాలు సరిగ్గా ఉన్నాయా? మనిషి లోపలికి రాగానే గుర్రం ఇటు తిరిగి చూస్తోందా, మూలకు పోయి పిర్ర తిప్పుతోందా? పాత సైసులు ఎన్నేళ్లుగా ఉన్నారు? ఏటా సైసులు మారే చోట డబ్బు కట్టకు. గురువుని వెతికేటప్పుడు ఆయన మాటలకన్నా ఆయన గుర్రాల్ని చూడు, ఆయన దగ్గర పనిచేసేవాళ్లను చూడు. రెండేళ్ల తర్వాత, కూర్చోవడం వచ్చాక, అప్పుడు ఏ కోర్సుకైనా వెళ్లు. అప్పుడు నీకు ఏం కావాలో నీకే తెలుస్తుంది.

ఆ తర్వాత దారులు క్లుప్తంగా చెప్తాను. రేసులవైపు వెళ్తే మలక్‌పేటలో హైదరాబాద్ రేస్ క్లబ్ ఉంది. అక్కడ ట్రైనర్ లైసెన్స్ క్లబ్బే ఇస్తుంది. లైసెన్స్ ఉన్న ట్రైనర్ కింద ఏళ్ల తరబడి పనిచేయడమే దానికి దారి. జాకీగా రిటైరై ట్రైనర్ అయినవాళ్లూ ఉన్నారు, పేసీ ష్రాఫ్ జాకీగా ఎనిమిది ఇండియన్ డెర్బీలు (దేశంలో పెద్ద గుర్రప్పందెం) గెలిచి తర్వాత ట్రైనర్‌గానూ పేరు తెచ్చుకున్నారు. ఆ రంగంలో ఒక బరువుంది: గుర్రం ఒంట్లో నిషేధించిన మందు దొరికితే, ఎవరు ఇచ్చినా, ముందు జవాబు చెప్పాల్సింది ట్రైనరే. అందుకే తొట్టి మీద కన్నుండాలనేది. పోటీ స్వారీవైపు రైడింగ్ స్కూళ్లు, ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ పోటీలు. సైన్యంలో జంతువుల్ని చూసుకునే రిమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది, జైపూర్‌లో 61వ కావల్రీ అనే గుర్రపు దళం ఉంది, అక్కడ నేర్చినవాళ్ల పద్ధతి వేరు. రిటైరైన సైనిక రైడర్ ఎవరైనా మీ దగ్గర్లో ఉంటే వెళ్లి కాళ్ల దగ్గర కూర్చో.

అమ్మగారికి ఏం చెప్పాలో నాకు తేలిగ్గా తోచదు. మా అమ్మ ఆరేళ్లు చుట్టాలకు నేను ‘రేసుకోర్సు ఆఫీసులో’ పనిచేస్తున్నానని చెప్పింది. ఒకసారి మీ చోటికి తీసుకొచ్చి, నువ్వు నడిపిస్తుండగా చూపించు. పొద్దున్నే, ఎండెక్కకముందు. మా అమ్మ విషయంలో అదే పనిచేసింది, కాకపోతే ఇంటికొచ్చాక ‘అంత పెద్ద జంతువా’ అని ఇంకో రకం ఏడుపు మొదలుపెట్టింది.

ఇక ఆ ఎర్ర ఆడగుర్రం. పెద్ద విషయం కాదన్నావు. ఉత్తరం మొత్తంలో నన్ను కూర్చోబెట్టింది అదే. బాబూ, నువ్వు పొట్టిగా ఉంటావా? ఎందుకడుగుతున్నానంటే, గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ, నుదుటికి ఎదురుగా కాస్త మేర కనిపించదు. పొడుగ్గా ఉన్నవాళ్లు ఎదురుగా వచ్చి, చెయ్యి పైకెత్తి, చెవుల మీదుగా కళ్లెం లాగేస్తారు. చెయ్యి మాయమై ఒక్కసారిగా చెవి దగ్గర తగులుతుంది, అది తల ఎత్తేస్తుంది. నీకు అందదు గనుక భుజం పక్కన నిలబడి, అది తల దించేదాకా ఆగుతున్నావేమో. ఆగడమే నీకు తెలియకుండా నువ్వు చేస్తున్న ట్రైనింగ్. రేపు కళ్లెం వేసేటప్పుడు నీ కాళ్లు ఎక్కడున్నాయి, ఏ చెయ్యి ముందు కదిలింది, ఎంతసేపు ఆగావు, గమనించు.

ఇంకో అనుమానం కూడా ఉంది. గుర్రం పళ్లు జీవితాంతం పైకి వస్తూనే ఉంటాయి. దవడపళ్ల అంచులు కత్తుల్లా పదునెక్కి బుగ్గను కోస్తాయి, అందుకే ఏడాదికోసారైనా ఆకురాయితో రాయించాలి. కొన్నింటికి బిట్ (కళ్లెంలో నోట్లో ఉండే కడ్డీ) తగిలే చోట ఒక చిన్న పన్ను ఉంటుంది, అది నొప్పిచేసినా కళ్లెం అంటేనే తల ఎత్తుతాయి. నువ్వు బిట్ నెమ్మదిగా పెడతావు గనుక ఓర్చుకుంటోందేమో. దాణా నములుతూ మధ్యలో ముద్దలు కింద వదిలేస్తోందా, చూడు. లద్దెలో గింజలు అరక్కుండా వస్తున్నాయేమో కూడా చూడు, ఎలాగూ ఎత్తేది నువ్వే. కనిపిస్తే మీ సార్‌తో ‘డాక్టర్ వచ్చినప్పుడు దీని నోరు ఒకసారి చూపిద్దాం సార్, నేను పట్టుకుంటాను’ అను. ఆయన ఏమన్నారో, డాక్టర్ నోట్లో ఏం చూశారో నాకు రాయి.